చారెడు బురద

వార్షికోత్సవ సంచికకి ఏదైనా రాయమని వార్డెన్ గారు అడిగినప్పుడు మేము నలుగురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. కవితలు రాసేవాళ్ళు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. అమ్మ మీద, స్నేహం మీద, అంబేద్కర్ గారి మీద ప్రతి ఏడాదీ మంచి కవితలు వస్తూనే ఉన్నాయి. మాకు కవిత్వం రాదు. గత ఆరు నెలలుగా మా లుంగీలకీ గోళ్ళకీ పట్టుకుని వదలని బురద ఒక్కటే మాకు తెలుసు. దాని గురించి రాస్తామంటే వార్డెన్ గారు నవ్వి, "సరే రాయండి, కానీ సైన్సు చదవనివాళ్ళకి కూడా అర్థం కావాలి" అన్నారు.

మేము నలుగురం ఎమ్మెస్సీ జువాలజీ. నాలుగిళ్ళలోనూ డిగ్రీ దాటినవాళ్ళు మాకు ముందు ఎవరూ లేరు. ఆఖరి సెమిస్టరులో ప్రాజెక్టు చెయ్యాలి. డబ్బున్నవాళ్ళు ల్యాబుల్లో ఖరీదైన కిట్లు కొనుక్కుని చేసే ప్రాజెక్టులు మాకు కుదరవు. అందుకని మా గైడు సార్ ఒక రోజు పిలిచి, "కాకినాడ పక్కనే కోరంగి ఉంది. పాటు సమయంలో బయటపడే బురదలో ఎన్ని జీవులున్నాయో లెక్కపెట్టండి. జల్లెడ, బకెట్టు, ఓపిక ఉంటే చాలు" అన్నారు. ఆ మూడింటిలో మొదటి రెండూ మా దగ్గర లేవు.

సముద్రం వెనక్కి తగ్గడాన్ని పాటు అనీ, ముందుకు రావడాన్ని పోటు అనీ అంటారని మీలో తీరం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం ఒక్క మాట. గోదావరి గౌతమీ పాయ నుంచి విడిపోయిన కోరంగి, గాడేరు అనే చిన్న పాయలు మడ అడవి మధ్యగా వచ్చి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. ఆ అడవిలో 235 చదరపు కిలోమీటర్లు 1978 నుంచి అభయారణ్యం. అఖాతానికి అడ్డంగా హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ ఉంది కాబట్టి లోపల అలలు పెద్దగా ఉండవు. అలలు లేని చోట నది తెచ్చిన మెత్తటి ఒండ్రు అడుక్కి దిగుతుంది. రోజుకి రెండు సార్లు పోటు దాన్ని ముంచుతుంది, రెండు సార్లు పాటు దాన్ని తేలుస్తుంది. ఇలా తేలే నేలని ఇంగ్లీషు పుస్తకాల్లో మడ్‌ఫ్లాట్ అంటారు. ఊళ్ళో వాళ్ళు ఉత్త బురద అంటారు. మేమూ అదే అంటాం.

మేము పని చేసింది అభయారణ్యం హద్దుకి బయట, చొల్లంగి వైపు. మొదటిసారి వెళ్ళింది ఒక ఆదివారం. ఆదివారం ఎందుకంటే ఆ రోజు క్లాసులు ఉండవు. సముద్రానికి ఆదివారం సెలవు ఉండదన్న సంగతి మాకు తట్టలేదు. వెళ్ళేసరికి నీరు పెద్దగా తగ్గలేదు. ఒడ్డు పక్కన ఎండకి బీటలు వారినట్టున్న కొద్దిపాటి బురద మాత్రం కనిపించింది. చేసేదిలేక అక్కడే చట్రం పెట్టాం. చట్రం అంటే పాతిక సెంటీమీటర్ల చదరపు ఇనప ఫ్రేము. అందులో దొరికిన జీవుల్ని లెక్కపెట్టి 16తో గుణిస్తే చదరపు మీటరుకి ఎన్నో వస్తాయి. అరచెయ్యి లోతు బురద తవ్వి, డిపార్ట్‌మెంట్ నుంచి అడిగి తెచ్చుకున్న ఒక మిల్లీమీటరు కన్నాల జల్లెడలో పోసి కడిగాం. మిగిలింది ఏమిటయ్యా అంటే కొన్ని ఆకు ముక్కలు, గుల్ల పెంకులు, ఏడు ప్రాణులు. అందులో రెండు చచ్చినవేమోనని ఇప్పటికీ మాకు అనుమానం.

అలా మూడు ఆదివారాలు. అంకెలు అటూ ఇటూగా అంతే. నాలుగో వారం హాస్టల్లో కూర్చుని రిపోర్టు ముసాయిదాలో ఒక వాక్యం కూడా రాసేశాం. "ఈ ప్రాంతపు బురద నేలలో జీవుల సంఖ్య చాలా తక్కువగా ఉన్నది." చదవడానికి ఎంత బాగుందో ఆ వాక్యం. నిజంగా ఎవరో పెద్ద శాస్త్రవేత్త రాసినట్టు ఉంది. ఆ కాగితం ఇంకా మా దగ్గర ఉంది, దాచుకున్నాం.

ఇక్కడ మాలో ఒకడి గురించి చెప్పాలి. వాడి అనుమతి తీసుకునే రాస్తున్నాం. మూడు ఆదివారాలూ బురదలో మాకంటే బాగా నడిచేది వాడే. మేము మోకాలి దాకా కూరుకుపోయి చెప్పులు పోగొట్టుకుంటుంటే, వాడు అడుగు పెట్టీ పెట్టక ముందే తీసేస్తూ చకచకా వెళ్ళిపోయేవాడు. నీకెలా వచ్చురా అంటే నవ్వి ఊరుకునేవాడు. దూరంగా కొందరు ఆడవాళ్ళు నడుం వంచి బురదలో ఏదో ఏరుకుంటూ కనిపించేవాళ్ళు. వాళ్ళ వైపు వెళదామంటే మాత్రం "అటు లోతురా" అని ఆపేవాడు.

ఆ వాక్యం రాసిన రాత్రి వాడు అన్నం తినలేదు. లైట్లు ఆర్పాక చెప్పాడు. "ఆ ఏరుకునేవాళ్ళలో మా అమ్మ ఉంది. నన్ను డిగ్రీ చదివించింది ఆ బురదే. అందులో ఏమీ లేదని మనం రాస్తే ఎలా?" చీకట్లో మాకు వాడి ముఖం కనిపించలేదు. అదే మంచిదయింది. మేము కూడా ఏం మాట్లాడాలో తెలియక పడుకున్నాం. మాలో ఇంకొకడి నాన్న చెప్పులు కుడతాడని వాడు మాకు చెప్పడానికి రెండేళ్ళు పట్టింది. కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేకపోయాం.

మర్నాడు సాయంత్రం నలుగురం వాడి ఇంటికి వెళ్ళాం. అమ్మ మమ్మల్ని చూసి కంగారుపడి కుర్చీ కోసం పక్కింటికి పరుగెత్తింది. మేము చాప మీదే కూర్చుని జరిగింది చెప్పాం. ఏ రోజు వెళ్ళారు బాబూ అని అడిగింది. ఆదివారాలు అన్నాం. ఆవిడ వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టి నవ్వింది.

"అష్టమికీ నవమికీ పోతే ఏం దొరుకుద్ది నాయనా? నీరు కదల్దు. అమాసకో పున్నానికో రండి. చొల్లంగి అమాస వస్తంది కదా, ఆ రోజు సూడండి."

మేము చదివిన పుస్తకాల్లో ఇది ఉంది. సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలో ఉంటే పోటుపాట్ల తేడా ఎక్కువ, చంద్రుడు పక్కకి తిరిగిన అష్టమి రోజుల్లో తక్కువ. ఇంటర్‌లో బొమ్మ కూడా వేశాం. ఆ బొమ్మకి మార్కులు పడ్డాయి కానీ, ఆదివారం బస్సెక్కేటప్పుడు అది గుర్తుకి రాలేదు. అయితే మేము వెళ్ళిన మూడు ఆదివారాల్లో రెండు మాత్రమే అష్టమి దగ్గర పడ్డాయి, ఒకటి కాదు. అంటే తప్పంతా తిథిది కాదు. రెండో తప్పు జల్లెడది.

గైడు సార్‌కి చెబితే తల పట్టుకున్నారు. "ఒక మిల్లీమీటరు జల్లెడతో మన బురదని కడిగారా? సగం జీవులు కాలవలో కలిసిపోయి ఉంటాయి. అర మిల్లీమీటరు వాడండి." డిపార్ట్‌మెంట్‌లో ఉన్న అర మిల్లీమీటరు జల్లెడ చిరిగి ఉంది. కొత్తది కొనే డబ్బు లేదు. అప్పుడు మాకొక ఆలోచన వచ్చింది. కాకినాడ చుట్టూ రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి. వాళ్ళు వాడే నైలాన్ వల మైక్రాన్ల లెక్కన మీటర్ల చొప్పున అమ్ముతారు. 500 మైక్రాన్లంటే అర మిల్లీమీటరే. ఒక మీటరు కొని, మెస్సులో విరిగిపోయిన బెంచీ చెక్కలతో చట్రం చేసి మేకులు కొట్టాం. వార్డెన్ గారూ, ఆ బెంచీ మేమే తీశాం. ఇన్నాళ్ళకి ఒప్పుకుంటున్నాం.

పుష్య బహుళ అమావాస్యని మన వైపు చొల్లంగి అమావాస్య అంటారు. ఆ రోజు సముద్ర స్నానానికి వచ్చిన జనం తెల్లవారుజాము నుంచే కిటకిటలాడుతున్నారు. మేము బకెట్లు, జల్లెడ, ఫార్మలిన్ డబ్బాలు పట్టుకుని ఆ జనం మధ్యలోంచి వెళుతుంటే ఒక పెద్దాయన మమ్మల్ని తీర్థంలో బొమ్మలమ్మేవాళ్ళు అనుకుని రేటు అడిగాడు. పాటు బాగా తీసేసరికి మేము అంతవరకూ చూడని నేల బయటపడింది. కంటికి ఆనినంత మేర బురద, దాని మీద పల్చగా గోధుమరంగు పొర. ఆ పొర మురికి అనుకునేవాళ్ళం. అది డయాటమ్‌లు, అంటే కంటికి కనపడని ఏకకణ మొక్కలు. పాటు సమయంలో వెలుతురు కోసం పైకి వస్తాయి, పోటు వచ్చే వేళకి మళ్ళీ బురదలోకి దిగిపోతాయి. బురద మీద తినే ప్రాణులకి ఇదే పచ్చిక మైదానం.

అమ్మ మాకు ముందు నడిచింది. చెప్పులు విప్పించింది. "కాలితో సూడాలి" అంది. కాలి వేళ్ళు బురదలో ఆడిస్తూ నడుస్తుంటే గట్టిగా తగిలిందంటే గుల్ల. వేళ్ళతోనే ఏ గుల్లో చెప్పేది. కోసుకుపోయేదీ, నున్నటిదీ, గీతలున్నదీ. పైన ఉన్న కన్నం చూసి లోపల ఎవరున్నారో కూడా చెప్పింది. అంచు చుట్టూ చిన్న చిన్న మట్టి గోళీలు పేర్చి ఉంటే అది ఒక గిట్ట పెద్దదిగా ఉండే చిన్న పీత ఇల్లు. ఆ పీత మట్టిని నోట్లో జల్లించి తినేది తిని, మిగిలింది గోళీగా చేసి పక్కన పెడుతుంది. అడ్డంగా పెద్ద కన్నం ఉండి, ముందు కొత్త మట్టి తోసి ఉంటే లోపల మండపీత ఉన్నట్టు. వానపాము పేడలా చుట్టలు చుట్టలుగా మట్టి పడి ఉంటే కింద పురుగు. మేము మూడు ఆదివారాలు వీటన్నిటి మీదా నడిచాం.

ఆవిడ చూపించిన చోట చట్రం పెట్టి తవ్వాం. పైన ఒక వేలు మందాన బురద రంగు, దాని కింద నల్లగా, కుళ్ళిన కోడిగుడ్డు కంపు. మెత్తటి బురదలోకి గాలి పోదు. ఆక్సిజన్ పై పైన కొద్ది మిల్లీమీటర్ల వరకే. కింద ఆక్సిజన్ లేకుండా బతికే బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టిస్తుంది, అది ఇనుముతో కలిసి నలుపు. అయితే ఆ నలుపు మధ్యలో దారాల్లాగా ఎర్రటి గోధుమరంగు గీతలు కనిపించాయి. అవి పురుగుల బొరియలు. పురుగు బొరియలో ఒళ్ళు ఆడించి నీటిని లోపలికి లాక్కుంటుంది. నీటితో పాటు గాలి వస్తుంది. తన కోసం చేసుకున్న పనే, కానీ చుట్టూ ఉన్న బురదకి కూడా ఊపిరి అందుతుంది.

కొత్త జల్లెడలో కడిగి, ఫార్మలిన్‌లో రోజ్ బెంగాల్ అనే రంగు కలిపి డబ్బాల్లో పోసి తెచ్చాం. జీవపదార్థానికి ఆ రంగు పట్టి గులాబీగా తిరుగుతుంది. అప్పుడు ఆకు ముక్కల మధ్య వెతుక్కోవడం సులువు. కొన్ని రోజుల తర్వాత శాంపిళ్ళని నీళ్ళతో బాగా కడిగి, హాస్టల్ వరండాలో ట్యూబ్‌లైటు కింద తెల్ల పళ్ళెంలో పోసి కూర్చున్నాం. మొదటి పళ్ళెంలో రెండు వందలు దాటాక లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ తప్పింది. ఇంటర్‌లో బొమ్మ వేసిన నీరిస్ తరగతికి చెందిన పాలికీటా పురుగులు, వెంట్రుకంత సన్నవి. రొయ్యకి తమ్ముళ్ళలా వంగి ఉండే ఆంఫిపాడ్లు. ఆవగింజంత నత్తలు. గోరులో సగం లేని రెండు చిప్పల గుల్లలు. రాత్రి పదకొండింటికి వంట పెద్దమ్మ వచ్చి "ఏం తింటున్నార్రా అది" అని అరిచి, చూసి, ముక్కు మూసుకుని పోయింది. ఆ పళ్ళేలు మెస్సువి కావు, ఈ విషయం మాత్రం నమ్మండి.

అర మిల్లీమీటరు జల్లెడ కూడా ఆఖరి మాట కాదు. దాని కన్నాల్లోంచి కూడా జారిపోయే జీవులు ఉంటాయి. వాటిని మియోఫానా అంటారు. నులిపురుగుల్లాంటివి, కంటికి ఆనని రొయ్యజాతివి. పిడికెడు బురదలోనే అవి వందలూ వేలూ ఉంటాయి. విశాఖపట్నం వాల్తేరు తీరంలో ఇసుక రేణువుల సందుల్లో బతికే ఇలాంటి వాటి మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం ఆచార్యులు పి.ఎన్. గణపతి గారు, ఆయన శిష్యులు 1960లలోనే పని చేశారు. మన సముద్రం గురించి మన వాళ్ళు అంత ముందుగా రాశారని లైబ్రరీలో ఆ కాగితాలు చూసే దాకా మాకు తెలియదు. జీవులు ఎన్ని అనే ప్రశ్నకి జవాబు చెప్పే ముందు ఏ జల్లెడతో అని అడగాలి. మా నాలుగు నెలల చదువులో మాకు బాగా పట్టిన సంగతి ఇదొకటి.

మరి ఇంత కంపు కొట్టే, గాలాడని చోట ఇన్ని ఎందుకున్నాయి? ఉప్పు మారుతుంది, ఎండ కాస్తుంది, పోటు ముంచుతుంది, వర్షాకాలం గోదావరి వరద వచ్చి నీరంతా చప్పబడిపోతుంది. ఇన్ని కష్టాలు తట్టుకునే జాతులు తక్కువ. కానీ తట్టుకున్న జాతికి తిండికి లోటు లేదు. నది తెచ్చే చెత్త, మడ చెట్ల ఆకులు, వాటిని కుళ్ళబెట్టే బ్యాక్టీరియా, పైన చెప్పిన డయాటమ్‌ల పొర. పోటీ తక్కువ, బువ్వ ఎక్కువ. అందుకే జాతులు కొద్ది, తలకాయలు వేలు. రక్తపు గుల్ల అని ఒకటి ఉంది. మామూలుగా గుల్లల రక్తానికి రంగుండదు. దీన్ని చిప్ప విప్పితే మన రక్తంలా ఎర్రగా కారుతుంది. మన ఒంట్లో ఉన్న హిమోగ్లోబిన్ లాంటిదే దానిలోనూ ఉంది. గాలి తక్కువైన బురదలో ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ పట్టుకోవడానికి అది పనికొస్తుంది. కాకినాడ అఖాతంలో ఈ గుల్లల పెంపకం మీద 1980 ప్రాంతాల్లో ప్రయోగాలు కూడా జరిగాయి. గుల్ల మాంసం తినేవాళ్ళు కొందరు. పెంకులు మాత్రం ఏళ్ళ తరబడి సున్నం బట్టీలకి పోయాయి. మన తాతల ఇళ్ళ గోడలకి వేసిన గుల్లసున్నం ఇదే. అమ్మ తల్లి కూడా బట్టీకి గుల్ల మోసిందట.

ఇవన్నీ ఎవరికి కావాలి అంటే ముందు పిట్టలకి. చలికాలంలో ఉత్తరాది చలి దేశాల నుంచి వచ్చే ఉల్లంకి పిట్టలు పాటు వెంట పరుగెత్తుతూ బురదలో ముక్కు గుచ్చి తినేది మేము లెక్కపెట్టిన వాటినే. కెనడాలో ఫండీ అఖాతం అని ఒకటి ఉంది. ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద పోటు అక్కడ వస్తుంది. అక్కడి బురదలో కొరోఫియమ్ అనే చిన్న ఆంఫిపాడ్ చదరపు మీటరుకి వేలల్లో, కొన్ని చోట్ల పదుల వేలల్లో ఉంటుంది. ఇరవై గ్రాముల ఉల్లంకి పిట్ట ఒకటి రెండు మూడు వారాలు దాన్ని తిని ఒళ్ళు రెండింతలు చేసుకుని, ఎక్కడా ఆగకుండా సముద్రం మీదుగా దక్షిణ అమెరికా దాకా ఎగిరిపోతుంది. మన పిట్ట కథ కూడా ఇలాంటిదే. దాని దారి వేరు.

దక్షిణ కొరియాలో సేమాన్గుమ్ అనే చోట ముప్పై మూడు కిలోమీటర్ల గోడ కట్టి 2006లో సముద్రాన్ని మూసేశారు. లోపలి బురద ఎండిపోయింది, గుల్లలు కుప్పలుగా చచ్చిపోయాయి, గుల్లలేరుకుని బతికే ఆడవాళ్ళకి పని పోయింది, పిట్టలు ఆకలికి తగ్గిపోయాయి. అదే దేశంలో మిగిలిన బురద నేలల్లో కొన్నింటిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వం జాబితాలో చేర్చింది. తాజ్‌మహల్ ఉన్న జాబితాలోనే బురద కూడా ఉంది. ఇది చదివి మేము వరండాలో గట్టిగా నవ్వాం.

కానీ నవ్వే విషయం కానిది ఒకటి ఉంది. మన రికార్డుల్లో ఇలాంటి నేలని పర్ర అనో పోరంబోకు అనో రాస్తారు. ఏమీ పండదు కాబట్టి ఏమీ లేదని లెక్క. 2020లో కాకినాడ పక్కన మడ మొక్కలు కొట్టి పేదల ఇళ్ళ స్థలాలకి మెరక చెయ్యడం మీద గొడవ కోర్టుల దాకా వెళ్ళింది. ఆ సంగతి చదివినప్పుడు మాలో మాకే వాదన వచ్చింది. మా నలుగురిలో ఇద్దరి ఇళ్ళకి ఇప్పటికీ పట్టా లేదు. సెంటున్నర స్థలం అంటే ఏమిటో మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పురుగుల కోసం పేదవాడి ఇల్లు ఆపుతారా అని ఒకడన్నాడు. ఆ పురుగుల మీద బతికేది కూడా పేదవాళ్ళే కదరా అని ఇంకొకడు. ఊళ్ళో ఎత్తయిన నేలంతా ఎవరి పేరున ఉందో ముందు అది అడగండి అని మూడోవాడు. అమ్మ కొడుకు మాత్రం ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. వాదన తేలలేదు. ఇక్కడ తేల్చినట్టు రాస్తే అబద్ధం అవుతుంది.

మేము చెయ్యగలిగింది ఒకటే. మొదట రాసిన వాక్యం కొట్టేశాం. దాని బదులు, ఏ తిథి నాడు, ఏ ఎత్తులో, ఏ జల్లెడతో తీసిన చట్రంలో ఎన్ని దొరికాయో పట్టికలు వేశాం. మొదటి మూడు ఆదివారాల అంకెలు కూడా తీసెయ్యకుండా, అవి ఎందుకు తక్కువ వచ్చాయో కారణం రాసి ఉంచాం. తీసేస్తే రిపోర్టు ముచ్చటగా ఉంటుందని ఒకరు సలహా ఇచ్చారు కానీ మేము వినలేదు. వైవాలో బయటి నుంచి వచ్చిన ప్రొఫెసర్ గారు ఆ పేజీ దగ్గరే ఎక్కువసేపు ఆగారు. "ఈ స్టేషన్లు ఎలా ఎంచుకున్నారు?" అని అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అప్పుడు వాడే లేచి నిలబడి, "మా అమ్మ చూపించిందండి" అన్నాడు. ఆయన కళ్ళజోడు తీసి వాడి వైపు చూసి, "ఆవిడ పేరు కృతజ్ఞతల్లో ఉందా?" అన్నారు. ఉంది. గైడు సార్ పేరు తర్వాత రెండో పేరు ఆవిడదే.

బైండు చేయించిన కాపీ ఒకటి ఆవిడకి ఇవ్వడానికి మళ్ళీ నలుగురం వెళ్ళాం. ఈసారి కుర్చీ కోసం పరుగెత్తలేదు, చాప వేసింది. వాడు పేజీ తిప్పి పేరున్న చోట వేలు పెట్టించాడు. ఆవిడ వేలు చీరకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. తర్వాత పుస్తకం అంతా తిరగేసి, పట్టికలు దాటి, గుల్లల ఫొటోల దగ్గర ఆగింది.

"ఇది తప్పు బాబూ. ఇది ఇక్కడ దొరకదు. ఆ చివర, ఏటి మొగ దగ్గర దొరుకుద్ది" అంది ఒక ఫొటో చూపించి.

వాడు పెన్ను తీసి, ఆ బొమ్మ కింద స్టేషన్ నంబరు కొట్టేసి సరిచేశాడు. యూనివర్సిటీలో ఇచ్చిన కాపీల్లో మాత్రం ఆ తప్పు అలాగే ఉంది. పాటు మొదలైందని ఆవిడ బుట్ట తీసుకుని లేచింది. దారి దాకా వస్తామని మేమూ లేచాం.